చవక కూలరు, బొట్టంత పేస్టు

కాదమ్మా, గడ్డి పెట్టి నీళ్లు పోసే కూలరు కాదది. నా అరచేతిలో పట్టేంత ఉండేది. కంప్యూటరు లోపల ప్రాసెసరు అని బిళ్ల ఉంటుంది కదా, దాని నెత్తిన కూర్చునే అల్యూమినియం ముక్క, పైన చిన్న ఫ్యాను. అంతే.

అప్పుడు మనం తెనాలిలో ఉన్నాం. నీకింకా నడక రాలేదు. మీ అమ్మ ముందుగదిలో డీటీపీ చేసేది, ఎక్కువగా శుభలేఖలు. ఆ ఎండాకాలం మధ్యాహ్నమయ్యేసరికి కంప్యూటరు వేడెక్కి, టైపు చేస్తుండగానే ఆరిపోయేది. కొత్తది కొనలేం. ఇది బాగవకపోతే బాపట్లలో టైపిస్టుగా చేరతానని మీ అమ్మ అక్కడివాళ్లకి చెప్పేసింది కూడా. పొద్దున్నే రైలెక్కితే చీకటి పడ్డాకే రావడం. నువ్వేమో పాలు తాగే పిల్లవి. నా దిగులంతా అదే.

పాత ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. కంప్యూటర్ల షాపాయన అన్నిట్లోకీ చవకది తీసి ఇచ్చాడు, బిళ్ల వేడిని కూలరుకి చేర్చే పేస్టు చిన్న గొట్టం కూడా. "ప్రాసెసరు మీద బొట్టు పెట్టి, పైన ఇది నొక్కేయండి పిన్నిగారూ" అన్నాడు.

మీ అమ్మ చంకలో నువ్వున్నావు. "నువ్వే పెట్టమ్మా, నీ చెయ్యి వణకదు" అంది. ఉంగరం వేలితో, నా నుదుట పెట్టుకునేంత బొట్టు, గుండ్రంగా, దట్టంగా పెట్టాను. కూలరు నొక్కగానే పేస్టంతా నాలుగు పక్కలా బయటికొచ్చేసింది. షాపుకి ఫోన్ చేశాను.

"ఎంత పెట్టారండీ?"

"రూపాయి బిళ్లంత."

"అయ్యో పిన్నిగారూ, నీటిబొట్టంత అన్నానండీ! ప్రాసెసరుని పేరంటానికి పిలిచారా ఏంటి?"

మీ అమ్మ నవ్వు ఆపుకోలేక నిన్ను నా ఒళ్లో కూర్చోబెట్టేసింది. పాత బనీను గుడ్డతో తుడిచి, ఈసారి తనే చుక్క వేసింది. కూలరు నాలుగు కాళ్లూ టక్కున దిగేదాకా నొక్కింది.

మిట్టమధ్యాహ్నం రేపల్లె వాళ్ల శుభలేఖ మొదలుపెట్టింది. తెర మూలన వేడి అంకె కనపడేది. నేను పక్కన కూర్చుని, నీకు జ్వరమొస్తే చూసినట్టు దాన్నే చూస్తున్నాను. మునుపు ఎనభై దాటితే ఆరిపోయేది. ఇప్పుడు అరవై దగ్గర నిలబడింది. పెళ్లికొడుకు తాతగారి పేరయింది, ముహూర్తమయింది, విందు కూడా అయింది. ఆరిపోలేదు.

మంచిదేనా అంటే, చవకకి మంచిదే. పక్కింట్లో గ్రైండరు తిరుగుతున్నట్టు చప్పుడు. రెక్కల్లో దుమ్ము తొందరగా చేరేది, పాత బ్రష్షుతో దులిపేదాన్ని. కానీ వేడిని పట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పూట నిన్నెత్తుకుని ఇల్లంతా తిరిగాను.

సాయంత్రం మీ అమ్మ బాపట్లకి ఫోన్ చేసి రానని చెప్పింది. ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.

"నీకు వెళ్లాలని ఉందేంటే?" అన్నాను.

"అమ్మా, ఇందులో అచ్చుతప్పులేమన్నా ఉన్నాయేమో చూడు" అని కాగితం నా చేతిలో పెట్టింది.

తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఏదో ఒక పని చెప్పింది. ఉండిందంటావా దానికి, వెళ్లాలని?