బస్టాండులో కూర్చున్న అమ్మ

మీ ఇల్లు ఎలాంటిదో చూసి రాయడానికి ఒక మనిషి వస్తున్నాడని తెలిస్తే, ఆ రోజు మీ ఇంట్లో ఎవరిని బయటికి పంపిస్తారు?

2019 ఎండాకాలం. నేను కర్నూలులో ఒక దత్తత సంస్థలో సోషల్ వర్కర్‌ని. బిడ్డ కావాలని దరఖాస్తు పెట్టినవాళ్ల ఇంటికి వెళ్లి, వసతి చూసి, ఇరుగుపొరుగును విచారించి నివేదిక రాయాలి. దాన్ని హోమ్ స్టడీ అంటారు. అది బాగుంటేనే బిడ్డ. ఆ రోజు ఆలూరు వైపు ఒక ఊళ్లో మస్తాన్ ఇంటికి వెళ్లాను. పేర్లు మార్చాను. పరుపులు కుట్టడం అతని వృత్తి. పెళ్లి కాలేదని దరఖాస్తులో ఉంది.

ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగితే, "నేనొకన్నే మేడమ్" అన్నాడు. మంచం మీద మూరెడు పరుపు, దానికి చీర ముక్కలతో కుట్టిన గలీబు. ఎంత సన్నని కుట్టో! ఎవరు కుట్టారంటే మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయాడు. వీధిలో మూడిళ్లలో విచారించాను. మూడిళ్లలోనూ అదే మాట, అడగకముందే: "శానా మంచోడు మేడమ్. ఒకడే ఉంటాడు."

తిరుగు బస్సు కోసం బస్టాండులో నిలబడ్డాను. బెంచీ మీద ఒకామె నా మెడలోని గుర్తింపు కార్డు చదివి దగ్గరికొచ్చింది.

"పరుపు చూస్తిరా మేడమ్? గట్టిగా లేదు కదా? ఆయప్ప దూది కూరి కూరి పెట్టినాడు. బిడ్డకు నొస్తాదని ఇప్పి మళ్ల నేనే కుడ్తిని."

నువ్వెవరమ్మా అని అడిగాను.

"ఈ పొద్దుకు ఎవరూ కాను మేడమ్."

పేరు మాబున్ని. మగబిడ్డగా పుట్టి, ఆడదానిగా బతుకుతున్న మనిషి. మస్తాన్‌తో తొమ్మిదేళ్ల కాపురం. ఏ కాగితం మీదా లేని పెళ్లి. జంటగా అడిగితే దరఖాస్తు నిలవదని ఎవరో చెప్పారట. అందుకే పొద్దున్నే సద్ది కట్టుకుని వచ్చి కూర్చుంది.

అబద్ధం మీద నిలబడే ప్రతి ఆచారాన్నీ కూల్చాలని సభల్లో గొంతు చించుకున్నదాన్ని నేను. ఆ రోజు నా చేత్తోనే "ఒంటరి" అని రాశాను. దయ అనుకున్నాను.

రెండేళ్లు దాటాక రెండేళ్ల మగపిల్లవాడు వచ్చాడు. అప్పటికి ఆ పరుపు వాడికి చాలలేదు. బిడ్డను ఇచ్చాక ఆరు నెలలకోసారి, రెండేళ్లపాటు వెళ్లి చూడాలి. వెళ్లిన ప్రతిసారీ మాబున్ని బస్టాండుకు పోయింది. దిగేటప్పుడు ఆమెను చూసి తల తిప్పుకునేదాన్ని. ఆమే తిప్పుకోమంది.

చివరిసారి వెళ్లేసరికి వాడికి నాలుగేళ్లు. ఇంట్లో ఎవరెవరు ఉంటారప్పా అని అలవాటుగా అడిగాను. "నేనూ, మా నాయినా" అని తండ్రి వైపు చూశాడు. ఒప్పజెప్పిన పాఠం. తర్వాత నా ఒళ్లోకి ఎక్కి, చెవిలో చెప్పాడు.

"మాయమ్మ బస్టాండులో ఉండాది. నువ్వు పోతే వస్తాది."

కలం మూసేశాను. నేను దయ అనుకున్న అబద్ధం ఒక పసివాడికి తల్లిని దాచడం నేర్పింది. రేపు మస్తాన్‌కు ఏదైనా అయితే ఆమె ఈ పిల్లవాడికి ఏమీ కాదు.

ఆమె కూడా తల్లిగా దత్తతకు అడగాలంటే ముందు పెళ్లి రిజిస్టర్ చేయించుకోమన్నాను. ఈలోగా ఆమెకు స్త్రీగా గుర్తింపు కార్డు వచ్చింది, కాబట్టి వాళ్లకు ఆ దారి ఉంది. ఇద్దరు మగవాళ్లో, ఇద్దరు ఆడవాళ్లో కాపురం చేస్తుంటే నేటికీ అదీ లేదు. ముగ్గురు సాక్షులు కావాలి. ఒకరిని నేను. మిగతా ఇద్దరి కోసం ఆ మూడిళ్ల తలుపులూ తట్టాం. ఆమె లేదని అంత ప్రేమగా అబద్ధమాడిన వీధి, ఆమె ఉందని సంతకం పెట్టడానికి వెనకాడింది. "మాటంటే చెప్తాం మేడమ్, కాగితమంటే యాడ పోతాదో" అన్నారు.

ఆ రోజు వీధి నుంచి ఒంటరిగా తిరిగొచ్చాను. మాటసాయం కూడా మనిషిని మాయం చేయగలదని నా ఉద్యోగంలో నేర్చుకున్నది అక్కడే. మస్తాన్‌కూ మాబున్నికీ నేటికీ రెండు సంతకాలు తక్కువ.

మీ వీధిలోనూ ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. జాలి పడకండి. రేపు పొద్దున ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని ఆ తలుపు తట్టండి. "సాక్షి సంతకం నేను పెడతాను, పదండి" అనండి. వెళ్లి పెట్టండి.