మా ఆయన పెద్దమ్మకే ఎందుకు చెప్పాడు

పెద్దమ్మ పోయిందట. కడపలో, కూతురింట్లో, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చింది, మళ్లీ లేవలేదట. కూతురి మెసేజ్ చూసేసరికి నేను పులుసు కాస్తున్నాను. పొయ్యి కట్టేసి అక్కడే కూలబడ్డాను. ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, దాంతోపాటు పాత కుళ్లూ వచ్చింది.

ఆవిడ మాకు చుట్టం కాదు. మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ మా తెలుగువాళ్లందరికీ పెద్దమ్మే. ఒక గ్రీకు ముసలావిడ ఇంట్లో పనిచేసేది. ఆ మేడమ్ పుట్టింటివాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి తలో దేశం పోయారట. వాళ్లలో మిగిలిన పెద్దవాళ్లకి ఫోన్లు చేసి, వాళ్ల యాసలోనే కబుర్లు చెప్పించి, రికార్డు చేసి దాచుకునేదట మేడమ్. పెద్దమ్మకి గ్రీకు ముక్క రాదు. అయినా ఎవరో ముసలాయన గొంతు వింటూ మేడమ్ కళ్లు తుడుచుకోవడం చూసి వచ్చి, "మనోళ్లవి ఎవురు దాస్తాండారు మే?" అంది నాతో. ఆ తర్వాత శుక్రవారం సెలవొస్తే చాలు, ఫోను పట్టుకుని బయల్దేరేది.

మస్కట్ శివారు మబేలాలో దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు, ఇళ్లలో పనిచేసే గోదావరి ఆడవాళ్లు, హైదరాబాద్ డ్రైవర్లు, ఎవర్నీ వదల్లేదు. మనమైతే జీతమెంత, వీసా ఎవరిచ్చారని అడుగుతామా? ఆవిడ మాత్రం "విమానం దిగినపొద్దు ఏం తింటివి నాయనా?" అనేది. అంతే, ఇక నోరు కట్టుకుని కూర్చునేది. మీసాలున్న మగాళ్లు కూడా ఆ ఒక్క మాటకి కరిగి చెప్పుకుపోయేవాళ్లు.

ఒకసారి ఓ అబ్బాయి "బతాకా రెన్యువల్ కాలేదు, డ్యూటీ ఖలాస్" అంటుంటే, గుర్తింపు కార్డనీ, పని పోయిందనీ తెలుగులో చెప్పమనరాదా పెద్దమ్మా అన్నాను. "ఇదీ తెలుగే మే. ఈడి తెలుగు. దాన్ని అట్లే ఉండనీ" అని నన్నే కసిరింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఒక శుక్రవారం వాడీ కబీర్ అనే పేటలో ఉన్న మా ఫ్లాట్‌కి వచ్చి మా ఆయన్ని కూర్చోబెట్టింది.

మా ఆయన మస్కట్‌కి దూరంగా సోహార్‌లో ప్లాంటు పని చేసి వచ్చిన మనిషి. ఎన్నేళ్లు కంపెనీ క్యాంపులో ఉన్నాడో, పెళ్లాం పిల్లలతో ఉంటున్న ఇంటిని కూడా "రూమ్" అంటాడు. "రూమ్‌కొచ్చేత్తన్నా" అని ఫోను చేస్తే నా ప్రాణం ఉసూరుమనేది. ఇల్లంటే నీ సొమ్మేం పోయిందయ్యా అంటే నవ్వి ఊరుకునేవాడు. ఆ మనిషి పెద్దమ్మ ముందు పూటంతా మాట్లాడాడు! నేను టీ పట్టుకెళ్తే టక్కున ఆపేశాడు. నా సోఫా, నా టీ, నా మొగుడు, కథ మాత్రం ఆవిడకి! ఒళ్లు మండిపోయింది.

తర్వాత పెద్దమ్మ ఆయన్ని అడిగి ఒప్పించే ఆ రికార్డింగ్ నా ఫోనుకి పంపింది. నేను వినలేదు. నాతో అనని మాట దొంగచాటుగా వినాల్సిన ఖర్మ నాకేంటి? "వింటివా మే?" అంటే తీరిక లేదన్నాను. పెద్దమ్మ నా మొహం చూసి, "మండనీలే. మొగుని మాట కావాలనే కదా ఆ మంట" అంది. కోపం కూడా తెచ్చుకోలేదు మహాతల్లి.

ఇవాళ ఆవిడ గొంతు కోసం ఆ రికార్డింగ్ నొక్కాను. ఏవేవో కబుర్లయ్యాక, ఇల్లనెందుకు అనవు నాయనా, అని ఆవిడే అడిగింది. అడిగి, ఆయన నోరు విప్పేదాకా ఆగింది. నేనైతే ఈలోపు పది మాటలు అనేసేదాన్ని.

"మొదటిసారి వీళ్లని ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు ఇల్లనేవోణ్ణే పెద్దమ్మా. ఆ యేడే కంపెనీ మూసేశారు. దాన్నీ పిల్లనీ ఊరు పంపేసి, సామానమ్మేసి, మళ్లీ ఇంకో కంపెనీ క్యాంపుకి పోయాను. అప్పట్నించీ ఆ మాట నోటికి రాదు. రూమ్ పోతే ఇంకో రూమ్ దొరుకుద్ది."

"ఆయమ్మికి చెప్పకూడదా?"

"బెంగెట్టుకుంటాది."

నాకు రావలసిన జవాబు ఇంకొకరి చెవిన పడి, ఆవిడ పోయాక నాకు చేరింది. పెద్దమ్మ మీద అసూయ పోలేదు, ఇంకా పెరిగింది. అడగడం తెలిసిన మనిషి ఆవిడ. ఆ సంగతికి దండం పెట్టాలి, పెట్టాను కూడా, ఏడుస్తూనే.

సాయంత్రం ఆయనొచ్చాడు. కబురు అప్పటికే తెలిసినట్టుంది, గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుండిపోయాడు. పక్కనే నేలమీద కూర్చుని, "నన్నూ పిల్లనీ ఊరు పంపిన రోజు నువ్వేం చేశావు?" అన్నాను. వంగి బూటు లేసు పట్టుకున్నాడు. నాలిక్కి దురదెత్తింది. పెదవి కొరుక్కుని ఊరుకున్నాను.

"ఎయిర్‌పోర్టులో నువ్వెనక్కి తిరిగి చూడలేదే" అన్నాడు చివరికి. "గాజు తలుపు మూసేసినా అక్కడే నిలబడ్డాను. సెక్యూరిటీ వాడొచ్చి పొమ్మనేదాకా."

చూస్తే వెళ్లలేనని చూడలేదు, అన్నాను. నేనూ ఇన్నాళ్లూ చెప్పని మాటే అది.

ఆ గాజు తలుపు సంగతి రికార్డింగ్‌లో లేదు. పెద్దమ్మకి కూడా చెప్పలేదు. ఆయన కాలి బూట్లైనా విప్పకుండా ఇంకా చెబుతూనే ఉన్నాడు.