ఈశ్వరయ్య కంప్యూటరూ, నీలమ్మ కార్ఖానా దుమ్మూ

ధూల్‌పేట్‌లో ఈశ్వరయ్య గుమ్మం తొక్కాలంటే చెప్పులు విప్పితే చాలదు, ఒళ్లంతా దులుపుకోవాలి. బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరైన ఆ పెద్దమనిషికి లోకంలో శత్రువు ఒక్కటే, దుమ్ము. ఎందుకంటే ఆయన ముందుగదిలో ఒక కంప్యూటర్ ఉంది. దానిమీద ఆయన పేకాట ఆడుకుంటాడు, కరెంటు బిల్లు కడతాడు. అంతకుమించి దానికి పనేమీ లేదు. అయినా దానికి జరిగే సేవ ఆయన్ని కన్నతల్లికి కూడా జరగలేదని భార్య సత్తెమ్మ అంటుంది.

గుమ్మం పక్కన మేకుకు ఒక తువ్వాల ఎప్పుడూ వేలాడుతుంటుంది. వచ్చినవాడు అల్లుడైనా, గ్యాస్ బండ తెచ్చినవాడైనా ఆయనది ఒకటే మాట.

"ముందు దులుపుకో, తర్వాత మాట్లాడు."

అలాంటి మనిషికి పక్కిల్లు ఏది దొరకాలి? నీలమ్మ వినాయకుల కార్ఖానా దొరికింది. మధ్యలో ఒకే గోడ, ఆ గోడకు ఒక కిటికీ. ఆరిన విగ్రహాన్ని గరుకు కాగితంతో రుద్దితే తెల్లటి పొడి లేస్తుంది. నీలమ్మకు అది అన్నం పెట్టే పొడి. ఈశ్వరయ్యకు మాత్రం దాన్ని చూస్తే గుండె ఆగినంత పని.

"నీలమ్మా! నీ గణపతి తొండం నా సీపీయూలకు వచ్చింది!" అని కిటికీలోంచి అరుస్తాడు.

"తొండం గాదన్నా, బొజ్జ. ఇయ్యాల తొండం ముట్టనే లేదు."

"ఏదైతేంది? లోపల ఫ్యాన్ పట్టేసి, వేడెక్కి సస్తది అది!"

ఆ ఇంట్లో చీపురు నిషేధం. ఊడిస్తే దుమ్ము లేస్తుందట, తడిగుడ్డతో తుడవాల్సిందే. నేలమీద ఉంటే దుమ్ము పీలుస్తుందని సీపీయూకు స్టూలు వేశాడు. ఆ స్టూలు మీదున్న పప్పుడబ్బాలు నేలకు దిగాయి. గాలి పోయే చిల్లులకు దోమతెర ముక్క అంటించాడు. ఒకసారి సత్తెమ్మ పాపం జాలిపడి, నడుస్తున్న కంప్యూటర్‌కు దుప్పటి కప్పింది.

"నడిచేదానికి దుప్పటి కప్పుతరానే? ఊపిరాడదు! బంద్ జేసినంకనే కప్పాలె," అని లొల్లి చేశాడు.

ఆదివారం వస్తే సీపీయూ డబ్బా విప్పుతాడు. ప్లగ్గు పీకేసి, పైన ఫ్యాన్ ఆపేసి, నీలమ్మ గుమ్మంలోకి వస్తాడు. వినాయకుడి కళ్లు దిద్దే మెత్తటి కుంచె కావాలి.

"దుమ్ము నీది గాబట్టి కుంచె గుడ నీదే," అంటాడు.

నీలమ్మ నవ్వి ఇస్తుంది. తీసుకెళ్లిన కుంచెల్లో కొన్ని తిరిగి రావు. అవి ఎటు పోతాయో, అరవై దాటినా బొగ్గులా నల్లగా మెరిసే ఆయన జుట్టు చూస్తే తెలుస్తుంది. ఆ రంగు సంగతి మాత్రం ఆయన ముందు ఎవరూ ఎత్తకూడదు.

కిందటేడు ఆయన పోరు పడలేక నీలమ్మ కిటికీకి తడి గోనెలు కట్టింది. గోనెలు తెచ్చిందీ ఆయనే, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లమని తరిమిందీ ఆయనే. అంతా ఆ డబ్బా కోసమే అనుకుంది నీలమ్మ.

ఈ ఏడు చవితి ముందర ఎదురు ఫ్లాట్లలో కొత్తగా దిగినాయన దుమ్ము గురించి మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు. బుధవారం ఆఫీసరు వస్తాడని, చుట్టుపక్కలవాళ్లను అడిగి కార్ఖానా ఉంచాలో తీసేయాలో తేలుస్తాడని కబురొచ్చింది. లోపల నిండా రంగు పడని వినాయకులు. తీసేయమంటే వాటిని ఎక్కడికని మోయాలి? పైగా ఆఫీసరు ముందుగా అడిగేది గోడ పక్క మనిషినే. నీలమ్మకు అన్నం సహించలేదు.

బుధవారం పొద్దున్నే ఈశ్వరయ్య గుమ్మంలో ప్రత్యక్షం.

"కుంచె ఇయ్యి."

"ఇయ్యాల ఆదివారం గాదు గదన్నా?"

"నాకు క్యాలెండర్ చెప్తున్నవా? ఇయ్యి!"

ఇచ్చింది. డబ్బా విప్పి లోపలి దుమ్మంతా ఆఫీసరుకు చూపిస్తాడు కాబోలని ఆమె భయపడింది.

ఆఫీసరు వచ్చాడు. నీలమ్మ గోనె సందులోంచి చూస్తూ నిలబడింది.

"సార్, ముందు దులుపుకోండ్రి, తర్వాత మాట్లాడుదాం," అని ఈశ్వరయ్య తువ్వాల అందించాడు. ఆఫీసరు బిత్తరపోయి దులుపుకున్నాడు.

"పక్క కార్ఖానా దుమ్ముతో మీకు ఇబ్బంది ఉందా?"

"దుమ్మా? ఏ దుమ్ము సార్?"

వంటింట్లో సత్తెమ్మ చేతిలోంచి గరిటె జారిపడింది.

"దుమ్ము సంగతి మనిషిని అడిగితే ఏం తెలుస్తది సార్? కంప్యూటర్‌ను అడగాలె. అది గాలి గుంజి దుమ్మంత కడుపుల దాసుకుంటది," అంటూ ఈశ్వరయ్య డబ్బా మూత తీశాడు. ఆఫీసరు వంగి ఫ్యాన్ రెక్క మీద వేలు రాశాడు. వేలికి ఏమీ అంటలేదు.

"మా ఆఫీసుల కంప్యూటర్లు గుడ ఇంత సాఫ్‌గా లేవు," అని లేచి, ఈశ్వరయ్యను ఎగాదిగా చూశాడు. "మరి మీ తలమీద తెల్లగా ఏందది?"

పొద్దుటి నుంచి గదంతా తుడిచినాయన తన తలమీది పొడి దులుపుకోవడం మరిచిపోయాడు. ఈశ్వరయ్య ఒకసారి వంటింటి వైపు చూశాడు.

"వయసు సార్. మనుమరాలు గుడ బడికి పోతున్నది, నెరవదా మరి?"

పెళ్లయినప్పటి నుంచి వినని ఆ మాట వినడానికి సత్తెమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. ఆఫీసరు మాత్రం నమ్మాడు. తడి గోనెలు ఇలాగే ఉంచమని, సీజన్ అయ్యేదాకా కార్ఖానాకు ఫికర్ లేదని చెప్పి వెళ్లిపోయాడు.

సత్తెమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఆ గోనెలు ఎందుకు కట్టిచ్చిండనుకున్నవ్ నీలమ్మా? ఎన్నడో ఒకనాడు ఎవడో ఒకడు అడుగుతడు, అప్పటికి మన దిక్కు దుమ్ము కనపడొద్దని కిందటేడే అన్నడు."

ఇంతకాలం తిట్టుకున్న మనిషి మీద నీలమ్మకు ఒక్కసారిగా ప్రేమ పొంగింది. అంతలో ఆ మనిషే కుంచె పట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"ఇగో నీ కుంచె. ఏంది గట్ల చూస్తున్నవ్? నీ బొజ్జ గణపతి..."

నీలమ్మ కళ్లు తుడుచుకుని, చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు దులుపుకో అన్నా, తర్వాత మాట్లాడు."

ఈశ్వరయ్య తల దులుపుకున్నాడు. వయసంతా రాలి గుమ్మంలో పడింది.