నమూనాలో ఉన్నది ఉన్నట్టు

సోమలింగం దేనికి నకలు తీసినా తప్పులతో సహా తీస్తాడు. సూరత్‌లోని బమ్రోలిలో ఈ సంగతి తెలియని తెలుగు ఇల్లు లేదు. తెలియనివాళ్ళు ఆయన ఇంటి మెట్లెక్కి తెలుసుకుంటారు. పక్కింటి మెట్లు చూసి కట్టించుకున్న మెట్లవి. పక్కింట్లో ఐదో మెట్టు జానెడు ఎత్తు ఎక్కువ, ఇక్కడా అంతే. పక్కింటివాళ్ళు తర్వాత బాగు చేయించుకున్నారు.

ఆయన పని జకార్డు సాంచాలకు, అంటే పువ్వులూ పిట్టలూ నేసే మరమగ్గాలకు, అట్టలు కొట్టడం. చీర ముక్క చేతికిస్తే, భూతద్దం పెట్టి పోగు పోగూ లెక్కపెట్టి, ఆ పువ్వో పిట్టో మళ్ళీ గుడ్డమీద దిగేలా అట్టలకు చిల్లులు పొడుస్తాడు. ఇరవై రెండేళ్ళ కింద సాంచాల యజమాని సేఠ్ ఇచ్చిన ముక్కలో నెమలికి ఒంటికాలు ఉందట. నాలుగు వందల చీరల మీద ఒంటికాలి నెమళ్ళనే దింపాడు. సలాబత్‌పురా చీరల దుకాణాలవాళ్ళు ఇప్పటికీ ఆయన కనబడితే ఒక కాలెత్తి నమస్కారం పెడతారు.

ఆయన అత్తగారు సూరత్ వచ్చినప్పుడు ఒకసారి పప్పు మాడ్చింది. ఇది జరిగి పదిహేనేళ్ళు.

"మీ అమ్మ చేసినట్టు పప్పు చెయ్యే" అంటాడు భార్య స్వరాజ్యంతో.

"మా అమ్మది మాడిందయ్యా!"

"మరి నువ్వెందుకు మాడ్చవు?"

లాక్‌డౌన్‌లో రేషన్ వరుస కోసం పోలీసులు నేల మీద సున్నంతో గుండ్రాలు గీశారు. తొందరలో ఒకటి వంకాయలా వచ్చింది. నీళ్ళ ట్యాంకరు కారి అవన్నీ చెరిగిపోతే, మళ్ళీ గీసే పని సోమలింగానికి అప్పగించారు. వంకాయ వంకాయలాగే వచ్చింది, తొడిమతో సహా.

"తొడిమ ఏంది మామా?" అని అడిగాడు సుమన్.

"పోలీసాయన గక్కడ కుంచె గుంజిండు పిలగా."

సుమన్ ఎదురింటి మొండయ్య కొడుకు. అతనికి సోమలింగమంటే ఒళ్ళు మంట. ఆ రోజుల్లో అతనికి ఒళ్ళు మండనిది తక్కువే. ఉద్యోగం అడిగితే, డిగ్రీ ఎక్కడ చదివావని అడిగి, ఎక్కడా చదవలేదంటే ఫోన్ పెట్టేసినవాళ్ళు తొమ్మిది మంది. పనిచేసే ఎంబ్రాయిడరీ డిజైన్ దుకాణానికి తాళం పడింది. ఇంట్లో మిగిలింది దుకాణం తాలూకు కంప్యూటర్, దానిలో 'కోటదొంగ' అనే పాత ఆట.

ఆ ఆట తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత ఆట నడుస్తూనే ఉంది, బొమ్మలూ చప్పుళ్ళూ మిగిలాయి. దొంగ ఎంత ఎత్తు ఎగరాలో, ఏ తలుపు ఎప్పుడు మూసుకోవాలో చెప్పే అసలు కోడ్ రాత మాత్రం పోయింది. దాన్ని మొదటినుంచీ కొత్తగా రాసి, ఎవరైనా చూసేలా, వాడుకునేలా అందరికీ వదిలేద్దామని ఏడు దేశాలవాళ్ళు ఆన్‌లైన్‌లో కూడారు. వాళ్ళలో ఎవరూ సుమన్‌ను డిగ్రీ అడగలేదు. దొంగ నడక రాసే పని అప్పగించారు. ఆదివారంలోపు పరీక్ష నెగ్గితే అతని పేరు ఆట రాసినవాళ్ళ జాబితాలో చేరుతుంది. లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

పరీక్ష సులువే. ఎవరో ఎప్పుడో అసలు ఆట ఆడి, ఏ క్షణంలో ఏ మీట నొక్కారో రికార్డు చేసి పెట్టారు. కొత్త ఆటలో అవే మీటలు అలాగే నొక్కితే దొంగ కోట దాటాలి. సుమన్ దొంగ మాత్రం మూడో గుమ్మం దగ్గర బావిలో పడుతున్నాడు. శనివారానికి నలభై ఒక్కసార్లు పడ్డాడు.

"బట్ట ఉన్నది, అట్టలు లెవ్వు. గంతే గదా?" అంటూ సోమలింగం భూతద్దంతో వచ్చి కూర్చున్నాడు.

"మామా, ఇది సాంచ కాదు."

"జర గా ముక్కు మూసుకో. దగ్గరికస్తున్న." సుమన్ మాస్కు పైకి లాక్కున్నాడు.

తెరకు ఎడమవైపు అసలు ఆట, కుడివైపు సుమన్‌ది. సోమలింగం భూతద్దం తెరకు ఆనించి, చీర అంచు చూసినట్టు చుక్క చుక్కా చూశాడు. చాయ్ రెండుసార్లు చల్లారింది.

"అసల్దాంట్ల దొంగ కాలు గోడలకు ఒక్క చుక్క దిగింది. నీ దాంట్ల గోడమీదనే నిలబడ్డడు."

"అది వాళ్ళ తప్పు. నేను సరిచేసిన."

"నిన్ను సరిచెయ్యమన్నది ఎవలు?"

"కాలు గోడల దిగుతదా ఎక్కడన్న?"

"నీకు నకలు చెప్పిన్రా, న్యాయం చెప్పిన్రా?"

సుమన్ పళ్ళు నూరుతూ దొంగ కాలును ఒక చుక్క గోడలోకి దించాడు. మీటలు మళ్ళీ నడిచాయి. ఈసారి ఎగిరే లెక్క కుదిరి దొంగ బావి దాటాడు, గుమ్మాలన్నీ దాటాడు, కోట దాటాడు.

సోమలింగం భూతద్దం జేబులో పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "గా తప్పు చేసినాయన కొలువు ఉన్నదా, పోయిందా?"

"కంపెనీయే పోయింది మామా."

"పాపం. తప్పని ఎవలకు చెప్పకు మరి" అని వెళ్ళిపోయాడు.

"చూసినవా బాపూ?" సుమన్ మూలన కూర్చున్న తండ్రిని చూసి నవ్వాడు. "గోడలకు దిగిన కాలు, ఒంటికాలి నెమలి! ఈయనకు తప్పులే కావాలె."

మొండయ్య ఇంట్లో మాటలు లెక్కపెట్టి వాడే మనిషి. ఆ రోజు ఒకేసారి చాలా వాడాడు. "సేఠ్ ఇచ్చిన ముక్కల నెమలికి రెండు కాళ్ళుండెరా. సాంచకు పోగులు తప్పు కట్టింది నేను. నాలుగు వందల చీరెలు నేసినంక సూసుకున్న. పన్లకు వచ్చి రెండు వారాలే. సేఠ్ సంచి సదురుకోమన్నడు."

"మరి?"

"సేఠ్ చాయ్ తాగి వచ్చేలోపట మీ మామ నమూనాల నెమలి రెండో కాలు పోగులు పీకిండు. తన అట్టలు గుడ మార్చిండు. 'నమూనాల ఒక్క కాలే ఉన్నది సేఠ్, ఉన్నది ఉన్నట్టు దింపుడే నా అలవాటు' అన్నడు. సేఠ్ నన్ను పన్లనే ఉంచిండు."

"అలవాటా?"

"అప్పటిదాక లేదు. సేఠ్‌కు అనుమానం రావద్దని ఆ దినం సంది అన్నీ గట్లనే చేసుడు మొదలువెట్టిండు. సేఠ్ చచ్చిపోయి పదేండ్లాయె. మీ మామ ఆపుడు మరిచిండు."

ఆదివారం జాబితాలో సుమన్ పేరు చేరింది. వెంటనే పోలండ్ నుంచి ఒకాయన అడిగాడు, కాలు గోడలోకి దిగడం తప్పులా ఉంది, సరిచేయనా అని. సుమన్ పొడుగాటి జవాబు మొదలుపెట్టి, అంతా చెరిపేసి, ఒక్క ముక్క రాశాడు: "అది డిజైన్."

ఎదురింట్లోంచి మాడు వాసన వచ్చింది.

"సుమన్! పప్పు పంపుతున్న, తింటవా?" అని అరిచింది స్వరాజ్యం.

"పంపు అత్తా" అన్నాడు సుమన్. "బాగ మాడిందా?"