వెదురు కట్టెలు లేని గల్లీ

మొదటి విడత కరోనాలో, బోధన్‌లో జ్వరం బయటపడ్డ ప్రతి గల్లీకీ అడ్డంగా వెదురు కట్టెలు కట్టించిన మున్సిపల్ ఉద్యోగి నేనే. మేలు చేస్తున్నాననుకున్నాను. కట్టెలు కట్టిన ఇంటివైపు చుట్టాలు కూడా తొంగిచూసేవారు కాదు. ఆ భయంతోనే ఒక చెరుకు రైతు తన జ్వరాన్ని దాచుకున్నాడు. ఊపిరాడని స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు గానీ బతకలేదు.

రెండో విడతకు పైనుంచి మాట మారింది. కట్టెలు వద్దు, ఇంటింటికీ వెళ్లి మందులివ్వండి అన్నారు. ఎందుకు మారిందో ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు.

మందుల సంచితో ఆ రైతు ఉండిన గల్లీలోకి నడిచాను. పొలాల్లో చెరుకాకు కాల్చిన మసి నల్లటి ఈకల్లా గాలిలో తేలుతోంది. నేల మీద పరుచుకున్న ఆ మసిలో నా అడుగుల చప్పుడు నాకే వినిపించడం లేదు. రైతు భార్య గడపలో కూర్చుని ఉంది.

"కట్టెలేవి సారూ, మర్సిపోయి వచ్చినవా?"

"ఈసారి కట్టం అక్కా. తప్పయింది."

"గీ అక్కల్, గీ తెల్వి పోయినేడే ఉంటే మా ఆయన జరమొచ్చిందని సెప్పుకుంటుండె."

ఆమె కట్టెలు లేని నా భుజం వైపు, మందుల సంచి వైపు చూసింది.

"లోపల బిడ్డకు నిన్నటిసంది ఒళ్లు కాలుతుంది. జర సూడు."

ఒక మసి రేకు గడప మీద వాలింది. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.