పోయే దారి అడిగిన పిన్ని

మా పిన్ని కొడుకు ఫోన్ చేసే సమయానికి నేను ఆఫీసుకి బయల్దేరుతున్నాను. "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవరు చెప్పారు?" అని. వాడు ఆసుపత్రిలో ఆమె మంచం పక్కనే ఉన్నాడు. వాడికి ఎవరో చెప్పవలసిన పని లేదు. అడిగాక సిగ్గుపడ్డాను. వాడు మాత్రం నొచ్చుకోలేదు. "అమ్మయినా ముందు అదే అడిగేది" అన్నాడు.

అవును, అదే అడిగేది. ఏ మాటనైనా ఎవరు చెప్పారో, చెప్పినవాడికి ఎలా తెలిసిందో తేలేదాకా ఆమె నమ్మేది కాదు. మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. పేపర్లో పడేంత మనిషి కాదు. అయినా ఆమె అనుమానం వల్ల కొందరు పిల్లలకు వేళకు రక్తం అందింది. ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించి ఇది రాస్తున్నాను.

పిన్నిది విజయనగరం. పెళ్ళయి ఇటు వచ్చాక ఏ.ఎస్. రావు నగర్ పక్కనున్న ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో తనిఖీ విభాగంలో చేరింది. తయారై వచ్చిన ప్రతి సర్క్యూట్ బోర్డూ చెడిపోయే ఉంటుందని అనుకుని మొదలుపెట్టడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇంటికి కూడా వచ్చేది. మోండా మార్కెట్లో టమాటాల బుట్ట పైవరస చూసి కొనేవాళ్ళంటే ఆమెకు జాలి. అడుగున చెయ్యి పెట్టి ఒకటి పైకి తీసేది. అమ్మే ఆవిడ విసుక్కునేది. పిన్ని ఆ విసుగునూ అనుమానంగానే చూసేది. "పైనున్నవి బాగుండాలనే పైన పెడతారే. కిందవి ఎవరూ సర్దరు" అనేది నాతో.

కర్మాగారంలో స్వచ్ఛంద విరమణ తీసుకుని సీతాఫల్‌మండిలో సొంత ఇంట్లో ఉండగా, పక్క పోర్షన్లో ఒక ఆటో డ్రైవర్ కుటుంబం దిగింది. వాళ్ళ అమ్మాయికి తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. మూడు నాలుగు వారాలకోసారి దాత రక్తం ఎక్కించాలి. పిన్ని ఆ పిల్లతో ఆసుపత్రికి వెళ్ళి, అలాంటి పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారని చూసి, ఒక రిటైరైన డాక్టరమ్మ నడిపే చిన్న సంఘంలో చేరిపోయింది. దాతలకు ఫోన్లు చేసి, రమ్మని గుర్తుచెయ్యడం ఆమె పని.

అవి ఊరంతా సాఫ్ట్‌వేర్ మాటే నడిచే రోజులు. బస్టాపులో కోర్సుల పోస్టర్లు, పేపర్లో వెబ్‌సైట్ల ప్రకటనలు. నేను బేగంపేటలో ఒక కంపెనీలో ప్రోగ్రామర్ని. పిన్ని గొంతు అరిగిపోతోందని నేనొక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఏ పిల్లకి ఎప్పుడు రక్తం కావాలో చూసుకుని, సరిపడే దాతలకు రెండు రోజుల ముందే ఎస్సెమ్మెస్ పంపుతుంది. దాన్ని చౌకగా దొరికిన ఒక వెబ్‌సైట్ స్థలంలో పెట్టాను. వందలమంది కలిసి వాడుకునే చోటు అది. ఒకరోజు మాకు చెప్పకుండా ఆ చోటు అద్దెకిచ్చినవాళ్ళు మా ప్రోగ్రామ్ ఆపేశారు. ఎస్సెమ్మెస్‌లు వెళ్ళలేదు. పక్కింటి అమ్మాయి తండ్రితో పొద్దుట్నించి సాయంత్రందాకా బ్లడ్ బ్యాంకు బెంచీ మీద కూర్చుని, రక్తం దొరక్క తిరిగొచ్చింది. మెట్లెక్కలేకపోతే తండ్రి ఎత్తుకున్నాడు. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు మాత్రం, "మనకంటూ ఒక చోటు చూడవే. ఎవడూ మనకి తెలీకుండా ఆపలేనిది. ఏళ్ళ తరబడి ఉంచుకోగలిగేది" అంది.

అలా వీపీఎస్ మాట వచ్చింది. వర్చువల్ ప్రైవేట్ సర్వర్ అంటే ఏమిటని అడిగింది. ఒక పెద్ద కంప్యూటర్ని గదులుగా విడగొట్టి అద్దెకిస్తారని, మన గది తాళం మన దగ్గరే ఉంటుందని చెప్పాను. "పక్క గదిలో ఎవరుంటారు?" అంది వెంటనే. నాకు తెలీదన్నాను. "అయితే నేనూ వస్తాను" అంది.

ఎస్.డి. రోడ్డులో అద్దాల తలుపున్న ఒక ఆఫీసుకి వెళ్ళాం. టై కట్టుకున్న మార్కెటింగ్ ఆయన అన్నీ అన్‌లిమిటెడ్ అన్నాడు. మూడేళ్ళకి ఒకేసారి తీసుకుంటే సగానికి సగం తగ్గిస్తామన్నాడు. పిన్ని ఆయన చూపించిన రంగు కాగితాలు పక్కన పెట్టి, "ఇవన్నీ వచ్చే దారి బాబూ. ముందు పోయే దారి చూపించండి. మాకు నచ్చక వెళ్ళిపోవాలంటే మా సామాను మేం ఎలా తీసుకెళ్తాం?" అంది. అలాంటి ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదని ఆయన నవ్వాడు. ఆ నవ్వు పిన్నికి నచ్చలేదు.

జవాబు చెప్పడానికి లోపలినుంచి సపోర్టు చూసే ఇలియాస్‌ని పిలిచారు. జనగామ వైపు మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి. కాపీ ఎలా తీసుకోవాలో, ఇంకో చోటికి ఎలా మార్చుకోవాలో అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. మార్కెటింగ్ ఆయన ఫోన్ మాట్లాడటానికి లేవగానే గొంతు తగ్గించి, "మేడమ్, బ్యాకప్ మేం తీస్తం. గానీ మీ కాపీ మీరు సుత తీస్కోండ్రి. ఒక్క మా మీదనే భరోస పెట్టుకోకుండ్రి" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. పిన్ని మెట్లు దిగుతూ మొహం ముడిచింది. తన కొట్లో సరుకుని తానే తక్కువ చేసేవాడికి ఇంకెక్కడో కొట్టుంటుందని, మనల్ని అటు లాగాలని చూస్తున్నాడని ఆమె లెక్క. అక్కడితో ఆగినా బాగుండేది. వారం తిరక్కుండా ఆ కంపెనీ మేనేజర్‌కి ఫోన్ చేసి, మీ మనిషి మిమ్మల్ని నమ్మొద్దని వచ్చినవాళ్ళకి చెబుతున్నాడు, చూసుకోండని చెప్పింది. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. ఎందుకలా చేశావంటే, "చెప్పి చూస్తే వాడేటో, వీళ్ళేటో తెలుస్తుందని" అంది. మేనేజర్ ఇలియాస్‌ని అందరి ముందూ కేకలేశాడని, ఆ ఏడు అతనికి రావలసిన ప్రమోషన్ ఆపేశారని అప్పటికి మాకు తెలీదు.

సర్వర్ అక్కడే తీసుకున్నాం. కానీ మూడేళ్ళకి కాదు, నెలనెలా. తగ్గింపు పోతుందని నేను వాదించాను. "చెడిపోయాక ఎలా ఉంటాడో చూడనివాడితో మూడేళ్ళు ఎలా కుదుర్చుకుంటాను?" అంది. చూడటం మొదలుపెట్టింది. దీపావళి మధ్యాహ్నం సపోర్టుకి ఫోన్ చేసింది. బంద్ రోజు చేసింది. వాన పడి ఊరంతా నీళ్ళలో ఉన్నప్పుడు చేసింది. ఏదో ఒక చిన్న సందేహం అడిగేది. దాదాపు ప్రతిసారీ ఎత్తింది ఇలియాసే. విసుక్కోకుండా చెప్పేవాడు. ఒక ఆదివారం నాచేత మా ప్రోగ్రామ్‌ని కావాలనే చెరిపించి, మేం దాచుకున్న కాపీతో మళ్ళీ నిలబెట్టమంది. తీరా చూస్తే ఆ కాపీ సగమే ఉంది. నా చెమటలు చూసి పిన్ని తృప్తిగా తలాడించింది. "దాచావనుకున్నావు. తీసి చూశావేటి?" అంది. ఇప్పటికీ ఏ ఉద్యోగంలోనైనా నేను మొదట చేసే పని, దాచినదాన్ని తీసి చూడటం. అది నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు.

ఏడాది దాటాక, ఒక పగటిపూట పిన్ని నా ఆఫీసుకి ఫోన్ చేసింది. గొంతు మామూలుగా లేదు. ఇలియాస్ ఆమెకు ఫోన్ చేశాడట. జల్దీ మీ డేటా తీసుకోండి, సాయంత్రందాకా ఉంటుందో ఉండదో తెలీదన్నాడట. ఏమైందని పిన్ని గుచ్చిగుచ్చి అడిగితే, అది తను చెప్పకూడదని, పిల్లల రక్తం పని కాబట్టి ఈ మాత్రం చెబుతున్నానని అన్నాడట.

నాకు అతని మీదే అనుమానం వచ్చింది. మనల్ని కంగారు పెట్టి పాస్‌వర్డ్ లాగుతాడేమో అన్నాను.

"పాస్‌వర్డ్ అడగలేదే" అంది పిన్ని. "ఎక్కడికి మారమనీ చెప్పలేదు. ఏటీ అడగలేదు. ఏటీ అడగనివాడిని అనుమానించడం నాకు చేతకావట్లేదు. నువ్వు తీసీ."

తీశాను. తీసింది తెరిచి కూడా చూశాను. ఆ సాయంత్రం సర్వర్ పలకడం మానేసింది. మర్నాడు ఎస్.డి. రోడ్డుకి వెళితే అద్దాల తలుపుకి తాళం. యంత్రాలు అసలు వాళ్ళవి కావట. బయటి దేశంలో ఎవరిదగ్గరో తీసుకుని మాకు పంచుతున్నారట. అక్కడివాళ్ళు కనెక్షన్ తెంపేశారు, ఇక్కడివాళ్ళు మాయమయ్యారు. తలుపు ముందు మాలాంటివాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒక స్కూలు ఆయన, పెళ్ళి సంబంధాల సైటు నడిపే ఒకావిడ. ఎవరి దగ్గరా కాపీ లేదు. పిన్ని వాళ్ళ మొహాలు చూసి, గెలిచినట్టు ఏమీ అనలేదు. గబగబా నడిచి ఆటో ఎక్కి, "ఆ ఇలియాస్ ఇల్లెక్కడో కనుక్కో" అంది.

వారాసిగూడలో ఉంటున్నాడు. వాళ్ళమ్మ కుట్టుమిషను మీద ఉంది. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టింది. ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న ఇలియాస్ లోపలినుంచి వచ్చాడు. పిన్ని అతనితో కాకుండా, అతని తల్లి వైపు తిరిగి చెప్పింది. "అమ్మా, మీ అబ్బాయి మీద మేనేజర్‌కి చాడీ చెప్పింది నేనే. తప్పు చేశాను."

తల్లికి అర్థం కాలేదు. ఇలియాస్ మాత్రం తల దించుకుని, "తెలుసు మేడమ్. అప్పుడే తెలిసింది" అన్నాడు.

"తెలిసీ నాకెందుకు ఫోన్ చేశావు నాయనా?"

"మీరు అనుమానపడ్డది కరెక్టే గద మేడమ్. జెర తప్పు మనిషి మీద పడ్డరు, గంతే."

పిన్ని ఏడవడం నేను చూసిన ఒకేఒక్కసారి అది. చప్పుడు లేకుండా, కొంగు కూడా తీసుకోకుండా ఏడ్చింది. ఇలియాస్ తల్లి లేచి ఆమె పక్కన కూర్చుంది.

తర్వాతి సర్వర్ని ముగ్గురం కలిసి వెతికాం. ఇలియాస్ ప్రకటనలు చూడలేదు. ఇంటర్నెట్లో పాత కస్టమర్లు తిట్టుకునే చోట్లు చూశాడు. తిట్లకు కంపెనీ ఏం జవాబిచ్చిందో చదివాడు. తొలి ఏడు ఒక ధర, మలి ఏడు ఇంకో ధర పెట్టేవాళ్ళని కొట్టేశాడు. చివరికి ఒక ముతక కంపెనీ మిగిలింది. సైటుకి అందం లేదు, అన్‌లిమిటెడ్ అన్న మాట ఎక్కడా లేదు. ఫలానా రోజు మా యంత్రం ఆగింది, తప్పు మాదే, ఇలా బాగుచేశామని తమ సైటులో తామే రాసుకున్నారు. పిన్ని నాచేత అది రెండుసార్లు చదివించుకుని, "ఇక్కడ పెట్టు" అంది. ఇలియాస్‌కి తర్వాత మాదాపూర్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. మా సర్వర్ బాగోగులు మాత్రం వదల్లేదు. ఆమెను మేడమ్ అనడం మానేసి అమ్మా అనడం ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు గుర్తులేదు.

ఆమె అనుమానం తగ్గిందని అనుకోకండి. కొత్త కంపెనీకీ పండగ పూటే ఫోన్లు చేసేది. కానీ ఒక మార్పు వచ్చింది. ఎవరిమీదైనా నాతో సందేహంగా ఏదైనా అన్నాక, "వాడి మీదా, వాడి కొట్టు మీదా?" అని తనను తానే ప్రశ్నించుకునేది. నేనింత కాలం ఎందరినో చూశాను. నమ్మి మోసపోయాక అందర్నీ అనుమానించేవాళ్ళే ఎక్కువ. అనుమానించి పొరబడ్డానని తెలిశాక, అనుమానాన్ని వదిలెయ్యకుండా దాన్ని సరిచేసుకున్న మనిషిని ఆమెనొక్కతెనే చూశాను.

ఆ సర్వర్ చాలా ఏళ్ళు నడిచింది. పక్కింటి అమ్మాయి డిగ్రీ చదివి, అదే సంఘంలో ఫోన్లు ఎత్తే చోట కూర్చుంది. ఈమధ్య ఒక పెద్ద ఆసుపత్రి దాతల వ్యవహారమంతా తన కిందికి తీసుకుంది. మా ప్రోగ్రామ్ అవసరం తీరింది. సర్వర్ మూసే రోజు మధ్యాహ్నం పిన్ని ఇంట్లో ముగ్గురం కలిశాం. దాతల ఫోన్ నంబర్లు ఒక్కటి కూడా మిగలకుండా చెరిపేదాకా ఆమె కదల్లేదు. ఆఖరి ఆదేశం నేను టైపు చేశాక, ఎంటర్ తను నొక్కుతానంది. చూపుడువేలితో నొక్కి, వేలు వెంటనే తియ్యలేదు.

కనెక్షన్ తెగిపోయిందని తెర మీద వచ్చింది.

"మళ్ళీ ఒకసారి పిలిచి చూడు" అంది.

పిలిచాను. పలకలేదు.

"ఇంకోసారి."

ఇంకోసారి పిలిచాను. ఈసారీ పలకలేదు. పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది, కుర్చీ ముందుకు జరుపుకుంది. నల్లటి తెర మీద వెలిగి ఆరే ఆ చిన్న గీతను చూస్తూ, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.