పడుకుంటే కరిగిపోయే బిళ్ళ

బూట్లు వేసుకుంటుంటే కుడి గజ్జల్లో ఏదో ఉబ్బు చేతికి తగిలింది, మెత్తగా, నిమ్మకాయంత. అప్పట్లో అమీర్‌పేటలో జావా బ్యాచ్‌లు చెప్పేవాణ్ణి. గదిలో చోటు చాలక మెట్ల మీద నిలబడ్డవాళ్ళకు కూడా వినబడేలా అరవడమే నా ఉద్యోగం.

కొత్త బూట్లు కరిచి మడమ పుండై ఉంది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మా భీమవరంలో చిన్నప్పటి నుంచీ విన్నదే. మా గది కింద టైలరింగ్ షాపు నడిపే సిరిసిల్ల సత్తెన్న కూడా అదే మాట అన్నాడు. "గిది బిళ్ళనే సారూ. ఉప్పు మూటతోని కాపు, కరుగుతది. ఫికర్ జెయ్యకు."

కాపడం పెట్టుకుని రాత్రి పడుకుంటే నిజంగానే కరిగిపోయేది. పొద్దున లేచి నిలబడితే మళ్ళీ వచ్చేది. పుండు మానింది, బిళ్ళ పోలేదు. క్యాన్సరేమోనని లోలోపల వణుకు. ఆ చోటు డాక్టరుకు చూపించాలంటే సిగ్గు.

ఒక మధ్యాహ్నం క్లాసులో దగ్గు తెర వచ్చి బిళ్ళ రాయిలా బిగిసింది. గదికొచ్చి పడుకున్నా లోపలికి పోలేదు. పొట్ట ఉబ్బింది, పచ్చటి వాంతులు మొదలయ్యాయి. సత్తెన్న కుడుతున్న బట్ట మిషన్ మీదే వదిలేసి, నన్ను ఆటోలో పంజాగుట్టలోని ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళాడు.

సర్జన్ గారు చూసి అడిగారు, "ఇన్నాళ్ళూ పడుకుంటే లోపలికి పోయేదా?"

"పోయేదండి. బిళ్ళ కదా అని..."

"బిళ్ళ ఎక్కడికి పోతుంది బాబూ? అది పేగు. పొట్ట గోడకు గజ్జల దగ్గర ఒక సందు ఉంటుంది, ఇంగ్వైనల్ కెనాల్ అంటాం. తల్లి కడుపులో ఉండగా వృషణం ఆ దారినే కిందికి దిగుతుంది. అక్కడ గోడ బలహీనం. దగ్గినా, గట్టిగా అరిచినా ఆ ఒత్తిడికి అందులోంచి పేగు జారితే హెర్నియా. నీది ఇరుక్కుపోయింది. ఇప్పుడే తెరవాలి. పేగు నల్లబడి ఉంటే ఆ ముక్క కోసెయ్యాలి."

వెన్నులో స్పైనల్ మత్తు ఇచ్చారు. నడుము కింద మొద్దుబారింది గానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. ఆకుపచ్చ గుడ్డ అవతల నుంచి "రంగు బాలేదు" అన్న మాట వినబడింది. "వార్మ్ సెలైన్‌లో తడిపిన గుడ్డ పెట్టండి, చూద్దాం." అంత భయం నా జన్మలో ఎరగను. అమ్మను తలుచుకుంటూ, నా పేగుకు రంగు రావాలని మొక్కుకుంటూ పడుకున్నాను.

"పింక్ అవుతోంది," అన్నారాయన.

ఏడ్చేశాను. "పొట్ట కదపకు బాబూ!" అని కసిరారు.

ఆ సందుకు మెష్ అనే సన్నటి వల పెట్టి కుట్టారు. ఇంటికొచ్చాక అదే చోట మళ్ళీ ఉబ్బింది. ఈసారి సత్తెన్న దానికి బిళ్ళ అని పేరు పెట్టలేదు. "నాకేం ఎర్క లేదు సారూ, నడువు దవాఖానకు" అన్నాడు. అది సీరోమా, కోసినచోట నీరు చేరింది, దానంతటదే తగ్గుతుందన్నారు సర్జన్ గారు. తగ్గేదాకా నాకు కంటి మీద కునుకు లేదు.

ఇప్పుడు కూర్చుని, మైకు పెట్టుకుని పాఠం చెబుతున్నాను. దగ్గొస్తే చెయ్యి తనంతట తనే గజ్జల మీదికి పోతుంది. ఎవరైనా బిళ్ళ కట్టిందంటే, పుండు ఎక్కడని అడగను. పడుకుంటే పోతుందా అని అడుగుతాను. పోతుంటే సిగ్గుపడకుండా సర్జన్‌కు చూపించండి. రోజూ పోయేది ఒకరోజు పోకపోతే, నొక్కకండి, కాపడం పెట్టకండి, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. ఆ ఆపరేషన్ కంటే, కరిగిందని సంతోషపడి నిద్రపోయిన రాత్రులే నన్ను ఇప్పటికీ భయపెడతాయి.